డిప్లాయ్‌మెంట్ ఏజెంట్‌కు అప్పజెప్పే ముందు
తిరుపతిలో లాడ్జి బుకింగ్ సైట్ నడిపేవాళ్లకు బ్రహ్మోత్సవాలప్పుడు సర్వర్ పడిపోతే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు, కాబట్టి ఏజెంట్‌ను, అంటే సైట్ కొత్త వెర్షన్‌ను సర్వర్‌లో పెట్టే పని (డిప్లాయ్‌మెంట్) చూసుకునే ఏఐ ప్రోగ్రామ్‌ను, చాలా ముందే పెట్టుకోండి. మొదట లాగ్‌లు (సర్వర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఫైళ్లు) చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి. దానికి విడిగా ఒక అకౌంట్ తెరవండి, మీ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వొద్దు. ఎర్రర్లకు అది చెప్పే కారణాలు సరిగ్గా ఉంటున్నాయని నమ్మకం కుదిరాక స్టేజింగ్‌లో (అసలు సైట్‌కు నకలుగా పెట్టుకునే టెస్ట్ సర్వర్‌లో) డిప్లాయ్ చేయనివ్వండి.

కుబర్నెటిస్ (యాప్‌లను సర్వర్లపై నడిపించే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే, కొత్త వెర్షన్ పెట్టాక ఎర్రర్లు పెరిగినప్పుడు 'క్యూబ్‌సీటీఎల్ రోల్‌అవుట్ అన్‌డూ' కొట్టే పని దానికే వదిలేయొచ్చు, కానీ ఆ కమాండ్ యాప్ పాత వెర్షన్‌ను వెనక్కి తెస్తుందే తప్ప డేటాబేస్‌లో మారిన టేబుళ్ల జోలికి పోదు, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. అందుకే మైగ్రేషన్లు (డేటాబేస్ టేబుళ్లను మార్చే పనులు), డిలీట్లు మనిషి ఓకే అంటేనే జరగాలి. ఏజెంట్ చేసిన ప్రతి పనీ లాగ్‌లో పడాలి, అదీ అది చెరపలేని చోట.