వీడియోలో ఫిజియోథెరపీ మొదలుపెట్టే ముందు: గాయపడిన కార్మికులకు జాగ్రత్తలు

పనిలో వెన్నుకో భుజానికో దెబ్బ తగిలి, ఇంటి నుంచే ఫోన్‌లో వ్యాయామ చికిత్స పొంది తిరిగి ఉద్యోగంలో చేరదలచినవారు మొదటి సెషన్‌కు ముందే వీటిని సరిచూసుకోవాలి.

గాయాన్ని కనీసం ఒక్కసారైనా డాక్టరు స్వయంగా పరీక్షించి ఉండాలి. ఎముక అతికిందో లేదో వీడియోలో తేల్చలేరు కనుక ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితాలు, మందుల చీటీ దగ్గర పెట్టుకోండి.

కాళ్లలో తిమ్మిరి, బలహీనత పెరుగుతున్నా, మలమూత్రాలపై అదుపు తప్పినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతున్నా సెషన్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరి అందకపోతే 108కి ఫోన్ చేయాలి.

ఫోన్‌ను తల నుంచి పాదాల వరకు కనిపించేంత దూరంలో కదలకుండా నిలబెట్టండి. నేల తడిగా ఉండకూడదు. ఇంట్లో ఒకరు తోడుండాలి.

చాలామంది పట్టించుకోనిది, నిజానికి అన్నిటికన్నా ముఖ్యమైనది, పని వివరణ. “హెల్పర్‌ని” అని చెప్పి ఊరుకుంటే థెరపిస్టుకు ఏమీ తెలియదు. ఎంత బరువును, ఏ ఎత్తు వరకు, గంటకు ఎన్నిసార్లు ఎత్తుతారో, ఎంతసేపు వంగి ఉంటారో చెప్పినప్పుడే ఆ కదలికలకు తగిన వ్యాయామాలను క్రమంగా పెంచుకుంటూ పోవడం సాధ్యమవుతుంది. యాజమాన్యం అనుమతిస్తే, తోటి కార్మికుడు అదే పని చేస్తున్న వీడియో చూపించండి.

ఈఎస్ఐ పరిధిలో ఉన్నవారికి, పనిలో తగిలిన గాయానికి తాత్కాలిక వైకల్య భృతి వేతనంలో 90 శాతం చొప్పున, వైకల్యం కొనసాగినంత కాలం లభిస్తుంది. కానీ పని చేసిన రోజుకు ఆ భృతి రాదు. అందువల్ల నొప్పి తగ్గిందనో, సూపర్‌వైజరు పిలిచారనో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చేతికి రాకముందే డ్యూటీకి వెళ్లకండి.