కొన్న వరిగడ్డిని గేదెలు ముట్టకపోతే: నా అనుభవం

తెనాలి దగ్గర మా ఆరు పాడి గేదెలు ఏడాదిలో ఎక్కువ కాలం కాలువ గట్ల మీదా, బీళ్లలోనూ మేసేవి కావడంతో, ఎండాకాలంలో కొనితెచ్చిన వరిగడ్డిని వాసన చూసి పక్కకు నెట్టేసేవి. పాలు కూడా తగ్గాయి. ముక్కలుగా కత్తిరించడం, బెల్లం నీళ్లు చల్లడం, తవుడు కలపడం ఏవీ పెద్దగా పనిచేయలేదు.

చివరికి ఫలించినది యూరియాతో మాగబెట్టడం. ముందుగా ప్రతి కట్ట మధ్యలోకి చెయ్యి పెట్టి చూసి, వెచ్చగా తగిలినా, బూజు వాసన వచ్చినా దించుకోకుండా వెనక్కి పంపాను. తరువాత 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను తూకం వేసి (చేతి అంచనా ఇక్కడ పనికిరాదు), 50 లీటర్ల నీటిలో ఒక్క పలుకైనా మిగలకుండా కరిగించి, పరదా మీద గడ్డిని పొరలుగా పరుస్తూ, ఒక్కొక్క పొరపైనా చిల్లుల డబ్బాతో చల్లి, కాళ్లతో గట్టిగా తొక్కాము. గాలి చొరకుండా పట్టా కప్పి, అంచుల మీద ఇసుక బస్తాలు పెట్టి, 21 రోజులు కదపలేదు. విప్పినప్పుడు అమ్మోనియా ఘాటుకు కళ్లు మండాయి గాని, గడ్డి గోధుమరంగుకు తిరిగి మెత్తబడింది. ఏ రోజుకు సరిపడా ఆ రోజు తీసి, గంటసేపు ఆరబెట్టి, మొదటి వారం పచ్చిజొన్నతో కొద్దికొద్దిగా కలిపి పెట్టాను. పదో రోజుకు గాడి ఖాళీ అయింది.

పాలు కొంత పెరిగిన మాట నిజమే అయినా, అదే నెలలో పడిన వానల వాటా అందులో ఎంతో చెప్పలేను. ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి పెట్టరాదు. యూరియా నీళ్ల బకెట్ పశువులకు అందితే ప్రాణాపాయం. తడిసి బూజు పట్టిన గడ్డిని ఇది బాగుచేయదు.