కొత్తగా సైకిలెక్కిన తోడుతో దూరం వెళ్లడం ఎలా?

రోజూ ఐదారు కిలోమీటర్లు తొక్కేవారిని కొన్ని నెలల్లో నలభై కిలోమీటర్ల దాకా తీసుకెళ్లవచ్చు. అయితే వెంట వచ్చే అనుభవజ్ఞులు తమ వేగాన్ని పూర్తిగా పక్కన పెట్టగలగాలి.

బయలుదేరే ముందు సీటు ఎత్తు సరిచూడాలి. మడమను పెడల్‌పై ఆనించి దాన్ని అట్టడుగుకు తెచ్చినప్పుడు కాలు పూర్తిగా చాచుకుంటే, పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగానే వంగుతుంది. సీటు మరీ కిందికి ఉంటే కొంత దూరానికే మోకాళ్ల ముందు భాగంలో నొప్పి మొదలవుతుంది. కొత్తవారు దాన్ని తమ చేతకానితనమనుకొని సైకిలే మానేస్తారు, అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

హైదరాబాద్‌లో ఉన్నవారికి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభించిన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ మంచి ఆరంభస్థలం. ప్రారంభించినప్పుడు మొత్తం సుమారు 23 కిలోమీటర్లు ఉన్న ఈ ట్రాక్ మీద వాహనాల భయం ఉండదు, నీడ ఉంటుంది, అలసట అనిపించిన చోటే వెనుదిరగవచ్చు. మొదట రానూపోనూ 15 కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారానికి రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే పెంచుతూ, నాలుగో వారం కొంత తగ్గించాలి.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ముందు వెళ్లినవారు చెట్టు కింద ఆగి సేదదీరుతారు, వెనుకబడినవారు చేరుకోగానే ‘పద’ అని కదులుతారు. దాంతో అలసినవారికే విశ్రాంతి దక్కదు. మా ఆవిడతో మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అదే చేశాను. ఆమె ఒక కాలు నేలకు ఆనించి నీళ్ల సీసా మూత తిప్పుతోంది, నా కాలు అప్పటికే పెడల్ మీద ఉంది. తాగకుండానే ఆమె మూత బిగించేసింది. ఆ రోజు నుంచి, ఆమె తాగి, ఊపిరి సర్దుకొని, తానుగా ‘వెళ్దామా’ అనేవరకు నేను సైకిల్ ఎక్కను.

ఎత్తు ఎక్కేటప్పుడు కొత్తవారినే ముందు ఉంచితే వేగం వారి చేతిలో ఉంటుంది. ఎదురుగాలిలో మాత్రం అనుభవజ్ఞులు ముందుండి గాలిని కాచాలి. అప్పుడు వెనుకవారికి శ్రమ బాగా తగ్గుతుంది, కానీ వారు ఒక సైకిల్ పొడవు దూరం పాటించాలి, ముందువారు గుంతలను చేత్తో చూపిస్తూ, బ్రేకు వేసే ముందే చెప్పాలి. ఆయాసపడకుండా మాట్లాడుకోగలిగినంత వేగమే సరైన వేగం. ఎత్తు మొదలుకాకముందే, పెడల్ తిరుగుతుండగానే, తేలిక గేరుకు మారడం నేర్పాలి.

దాహం కోసం ఎదురుచూడకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు తాగాలి. గంట దాటిన ప్రయాణంలో అరటిపండో ఖర్జూరాలో దగ్గరుండాలి. ఎండాకాలంలో ఉప్పు వేసిన మజ్జిగ కూడా తీసుకెళ్లాలి, ఉదయం ఎనిమిదిలోపే ఇల్లు చేరాలి.

వీలైతే వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లండి, అప్పుడు అలసిన కాళ్లకు తిరుగుదారిలో గాలి తోడవుతుంది. ఎక్కడ వెనుదిరగాలో కొత్తవారినే చెప్పనివ్వండి, అనుకున్న దూరానికి ఇంకా రెండు కిలోమీటర్లు మిగిలి ఉన్నా సరే.