మైక్రోవేవ్ మోటారుతో ఎచింగ్ ట్రే ఊపే బల్ల

సర్క్యూట్ బోర్డు మీద అక్కర్లేని రాగిని ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో కరిగించడమే ఎచింగ్. ఆ ట్రేను ఊపే బల్ల ఇది. అనంతపురం పాత సామాన్ల అంగట్లో చెడిపోయిన మైక్రోవేవ్ దొరికితే, అడుగున ప్లేటు తిప్పే మోటారు ఒక్కటే ఊడదీయించుకోండి. లోపల కరెంటు నిలవ ఉంచుకునే కెపాసిటర్ జోలికి పోవద్దు, ప్లగ్ తీసినా ప్రాణం తీస్తుంది. మోటారు లేబుల్ మీద 220/240 వోల్టులు, 5/6 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అని ఉండాలి. 21 వోల్టులదైతే నేరుగా కరెంటు ఇస్తే కాలిపోతుంది. ఈ మోటారు ఒక్కోసారి అటు, ఒక్కోసారి ఇటు తిరుగుతుంది. మనకు ఎటైనా ఒకటే.

షాఫ్టుకు దోసకాయ ఆకారపు అక్రిలిక్ ముక్క బిగిస్తే ఒక చుట్టుకు ట్రే పెట్టే పలక రెండుసార్లు లేస్తుంది. పలక మధ్యలో సైకిల్ చువ్వ ఇరుసు. అంచు 1 సెం.మీ. లేస్తే చాలు. ఎక్కువైతే ఫెర్రిక్ క్లోరైడ్ చిందుతుంది. కింద నేల తాడిపత్రి బండలదైతే, అది సున్నపురాయి కాబట్టి చుక్క పడ్డచోట నురగలొచ్చి గుంట పడుతుంది. మోటారును, వైర్లను ప్లాస్టిక్ డబ్బాలో మూసి ట్రేకు దూరంగా పెట్టండి. ట్రే కూడా ప్లాస్టిక్‌దే, బోర్డు రాగి వైపు పైకి.