తిరుపతిలో ఉంటూ ఆఫీసు పని చేసేవారికి ఒక చిట్కా

ల్యాప్‌టాప్ వెంటబెట్టుకుని ఊళ్లు తిరుగుతూ ఉద్యోగం చేసేవారు తిరుపతిలో కొన్నాళ్లు ఉండదలిస్తే, బసను కొండపైన కాక కింద పట్టణంలోనే పెట్టుకోవడం మేలు. తిరుమలలో దేవస్థానం గదులను సాధారణంగా ఒక రోజుకే కేటాయిస్తారు కనుక, పని మధ్యలో మూటాముల్లె సర్దుకోవలసి వస్తుంది.

అసలు జాగ్రత్త పడవలసింది దర్శనం రోజున. క్యూలోకి వెళ్లేముందే సెల్‌ఫోనును డిపాజిట్ కౌంటర్లో అప్పగించాలి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ మీద సమయం అచ్చయి ఉన్నా, బయటికి ఎప్పుడు వస్తామో కచ్చితంగా చెప్పలేము. ఫోను తిరిగి చేతికి వచ్చేదాకా మేనేజర్ కాల్ గానీ, లాగిన్‌కు కావలసిన ఓటీపీ గానీ మనకు అందదు. అందువల్ల మధ్యాహ్నం మీటింగుకు వచ్చేస్తానని మాట ఇవ్వకుండా, ఆ రోజుకు పూర్తిగా సెలవు పెట్టి, అత్యవసరమైతే ఎవరిని సంప్రదించాలో ముందురోజే మెయిల్‌లో తెలియజేయండి. అమెరికా తూర్పు తీరపు క్లయింట్లున్నవారికి కాస్త వెసులుబాటు ఉంది: అక్కడ ఉదయం 9 గంటలంటే మనకు వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. అయినా తెల్లవారుజామునే లేచి అలిపిరి మెట్లెక్కినవారు రాత్రి కాల్‌లో కునికిపాట్లు పడరని నేను మాత్రం హామీ ఇవ్వలేను.

గదికి అడ్వాన్సు ఇచ్చేముందు రిసెప్షన్ దగ్గర కాక, ఆ గదిలోనే తలుపు వేసుకుని, ప్లగ్ పాయింటు ఉన్న చోట కూర్చుని ఒక వీడియో కాల్ చేసి చూడండి. బ్రహ్మోత్సవాల సమయంలో రద్దీ విపరీతంగా ఉంటుంది కనుక, పని కోసం వచ్చేవారు ఆ రోజులను వదిలేయడమే మంచిది.