ఫార్మాట్ కొట్టే ముందు: పెన్‌డ్రైవ్‌లో స్టోరేజ్ డ్రైవర్ ఉందా?

ఏప్రిల్, మే నెలల్లో మా మారతహళ్లి ఆఫీసులో ఇదే పని. కొత్త బ్యాచ్ చేరేలోపు పాత లాప్‌టాప్‌లన్నీ ఫార్మాట్ కొట్టి విండోస్ వేయాలి. సరిగ్గా అవే రోజుల్లో బెంగళూరులో సాయంత్రం మబ్బు కమ్ముతుంది, గాలివాన మొదలవుతుంది, కరెంటు పోతుంది. డెస్క్‌టాప్ సపోర్ట్‌లో కొత్తగా చేరిన మన తెలుగు పిల్లలు పనిలో దిగకముందే చదువుకుంటారని ఇది రాస్తున్నాను.

2020 చివర్లో వచ్చిన ఇంటెల్ 11వ తరం నుంచి చాలా లాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీకి, విండోస్‌కి మధ్య వీఎండీ (వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైజ్) అనే కంట్రోలర్ ఉంటుంది. దాని డ్రైవర్, అంటే స్టోరేజ్ డ్రైవర్, లేని పెన్‌డ్రైవ్‌తో మొదలుపెడితే అన్నీ సాఫీగా సాగి, విండోస్ ఎక్కడ వేయాలని అడిగే పేజీ దగ్గర ఆగిపోతుంది. అక్కడ ఒక్క డ్రైవ్ కూడా కనిపించదు. పోయినేడు మా వీధి పీజీలో ఉండే అనంతపురం అమ్మాయి ఇలాగే లాప్‌టాప్ పట్టుకొచ్చింది. "అన్నా, ఎస్‌ఎస్‌డీ పోయిందంట, కొత్తది వేయాలన్నారు షాపులో" అంది. విండోస్ కంటే ముందు తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే ఎస్‌ఎస్‌డీ పేరు, సైజు రెండూ ఉన్నాయి. డ్రైవర్ ఇచ్చాక అర నిమిషంలో పార్టిషన్లన్నీ వచ్చాయి, ఆమె ప్రాజెక్ట్ ఫైళ్లతో సహా. కాబట్టి ముందు బయోస్ చూడండి. అక్కడ డ్రైవ్ కనిపిస్తుంటే డబ్బు ఖర్చు పెట్టించకండి.

వీఎండీని బయోస్‌లో ఆపేస్తే సరిపోతుంది కదా అంటారు. ఖాళీ మెషీన్ అయితే, ఆ ఆప్షన్ ఉంటే, సరే. లోపల డేటా ఉంటే మాత్రం తొందరపడొద్దు. ఉన్న విండోస్ వీఎండీ డ్రైవర్‌తో బూట్ అవుతూ ఉంటుంది, అది ఆపగానే బూట్ డివైజ్ అందడం లేదంటూ నీలం స్క్రీన్ వస్తుంది. దానికి తోడు, డ్రైవ్‌లోని డేటాకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. తమ లాప్‌టాప్‌లో బిట్‌లాకర్ ఉందనే సంగతే చాలామందికి తెలియదు. బయోస్ ముట్టుకునే ముందే ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనో, ఆఫీసు అడ్మిన్ దగ్గరో ఉందని కళ్లతో చూసి, కాగితం మీద రాసుకోండి. బ్యాకప్ తీసిన హార్డ్‌డిస్క్‌ని పని మొదలయ్యే ముందు పీకేసి పక్కన పెట్టండి.

ఇక డ్రైవర్. విండోస్ ఇంకా నడుస్తుండగానే డివైజ్ మేనేజర్‌లో స్టోరేజ్ కంట్రోలర్ మీద హార్డ్‌వేర్ ఐడీ చూసి రాసుకోండి. అందులో వెండర్ 8086 అంటే ఇంటెల్. డివైజ్ కోడ్ తరాన్ని బట్టి మారుతుంది, 11వ తరం లాప్‌టాప్‌లలో ఎక్కువగా 9ఏ0బి. మీరు దించుకున్న డ్రైవర్‌లోని ఐఎన్ఎఫ్ ఫైల్‌ని (అది ఏ పరికరాలకో రాసి ఉండే ఫైల్) నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఆ కోడ్ కోసం వెతకండి. లేకపోతే ఆ డ్రైవర్ ఈ మెషీన్‌ది కాదు. లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి వచ్చే ఈఎక్స్‌ఈని అలాగే పెన్‌డ్రైవ్‌లో పడేస్తే సెటప్‌కి పనికిరాదు. దాన్ని విప్పి ఐఎన్ఎఫ్, సిస్, క్యాట్ ఫైళ్లు మూడూ ఒకే ఫోల్డర్‌లో ఉంచాలి.

ఈ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లోని ఇమేజ్‌లో, అంటే విండోస్ ఫైళ్లన్నీ ఒకే ఫైల్‌గా ఉండే విమ్‌లో, డిస్మ్ అనే విండోస్ కమాండ్‌తో చేర్చాలి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యే బూట్.విమ్‌లో రెండు ఇండెక్స్‌లు (విడివిడి ఇమేజ్‌లు) ఉంటాయి, మామూలుగా మొదటిది విండోస్ పీఈ అనే చిన్న విండోస్, రెండోది సెటప్. మొదటిదాంట్లో మాత్రమే చేర్చి, సెటప్‌లో డ్రైవ్ కనపడలేదని రోజంతా తల పట్టుకున్నవాళ్లను చూశాను. రెండింటిలోనూ చేర్చండి. అసలు విండోస్ ఉండే ఇన్‌స్టాల్.విమ్‌లో మీరు వేసే ఎడిషన్ ఇండెక్స్‌లోనూ చేర్చండి. దాని లోపల విన్‌ఆర్ఈ.విమ్ అని రికవరీ ఇమేజ్ వేరే ఉంటుంది. దాన్ని వదిలేస్తే రేపు రిపేర్ చేయాల్సి వచ్చినప్పుడు రికవరీలో మళ్లీ డ్రైవ్ కనపడదు. ఇన్‌స్టాల్ ఫైల్ ఈఎస్‌డీ (ఇంకా గట్టిగా కుదించిన రూపం) అయితే ముందు విమ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. ఐఎస్‌ఓ నుంచి కాపీ చేసిన ఫైళ్లకు రీడ్-ఓన్లీ గుర్తు ఉండిపోతే మార్చడానికి మౌంట్ చేయనివ్వదు (మౌంట్ అంటే ఇమేజ్‌ని ఫోల్డర్‌లా తెరవడం), అది తీసేయండి.

కరెంటు భయం ఇక్కడే. మార్పులు కమిట్ చేసి, అంటే ఇమేజ్‌లోకి సేవ్ చేసి, అన్‌మౌంట్ చేయడానికి పెద్ద ఇమేజ్ అయితే చాలాసేపు పడుతుంది. ఓసారి మధ్యాహ్నం నుంచి నాలుగు ఇండెక్స్‌లు చేసి, చివరిది కమిట్ అవుతుండగా కరెంటు పోయింది. నా డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేదు. విమ్ పాడైంది, ఆ మధ్యాహ్నం పని మొత్తం పోయింది. అప్పటినుంచి ఛార్జ్ నిండిన లాప్‌టాప్ మీదే, పొద్దున పూటే చేస్తున్నాను. ప్రతి విమ్‌కీ ముట్టుకోని కాపీ ఒకటి పక్కన ఉంచుతున్నాను. మౌంట్ ఫోల్డర్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి ఉన్నా అన్‌మౌంట్ సగంలో ఆగుతుంది, ముందే మూసేయండి. డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ని బలవంతంగా ఎక్కించే స్విచ్ జోలికి అసలు పోవద్దు.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. విమ్‌ని డిస్మ్‌తోనే 3800 ఎంబీ ముక్కలుగా కోస్తే సరిపోతుంది.

అన్నీ చేశాక ఒకే ఒక్క మెషీన్ మీద పరీక్షించండి. అప్పటికీ డ్రైవ్ రాకపోతే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. డ్రైవర్‌ని అప్పటికప్పుడు ఎక్కించే డ్రైవ్‌లోడ్ (drvload) కమాండ్‌కి ఐఎన్ఎఫ్ ఫైల్ దారి ఇచ్చి చూడండి. డ్రైవ్ వచ్చిందంటే డ్రైవర్ సరైనదే, మీరు ఇమేజ్‌లో చేర్చిన చోటే తేడా ఉంది. డిస్క్‌ల పార్టిషన్లు చూసుకునే డిస్క్‌పార్ట్‌లో మాత్రం చేతి అలవాటుతో డిస్క్ 0 ఎంచుకుని, మొత్తం తుడిచేసే క్లీన్ కొట్టకండి. ఎస్‌ఎస్‌డీ కనపడనప్పుడు ఆ సున్నా మీ పెన్‌డ్రైవే కావచ్చు. సైజు చూసి ఎంచుకోండి.

ఆ మొదటి మెషీన్ రెండుసార్లు రీస్టార్ట్ అయి డెస్క్‌టాప్ దాకా వచ్చాక, రికవరీలోకి కూడా వెళ్లి డ్రైవ్ కనిపిస్తోందో లేదో చూశాకే రెండోది ముట్టుకోండి. నేను పెన్‌డ్రైవ్‌కి చిన్న కాగితం అంటించి మోడల్, డ్రైవర్ వెర్షన్, తేదీ రాస్తాను. సొరుగులో ఒకేలాంటి నల్ల పెన్‌డ్రైవ్‌లు ఆరున్నాయి మరి.