చూపులేని వారికి సహాయక రోబోను ఎలా పరిచయం చేయాలి?

హైదరాబాద్‌లోని శిక్షణ కేంద్రంలోనో, కళాశాలలోనో, ఇంట్లోనో చూపులేని వారికి దారి చూపే రోబోను తొలిసారి అందించేవారు సాధారణంగా అది ఏమేమి చేయగలదో చెప్పడంతో మొదలుపెడతారు. నిజానికి ముందుగా నేర్పవలసింది దాన్ని ఆపడం.

1. మీ పేరు చెప్పి, గదిలో రోబో ఉన్నదనీ, ఎటువైపు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నదో, ఇప్పుడు అది కదలడం లేదనీ తెలియజేయండి. ఎంత చూపు మిగిలి ఉందో ఊహించకుండా అడగండి. కొట్టొచ్చినట్టు కనిపించే రంగులను గుర్తించగలిగేవారికి హ్యాండిల్‌పై పసుపు పట్టీ అంటించినా ఎంతో ఉపయోగం.

2. స్విచ్ ఆపివేసి తడిమి చూడనివ్వండి. వారి చేతిని పట్టుకుని రోబో మీద పెట్టకూడదు. మీ చేతిని హ్యాండిల్‌పై ఉంచితే, దాని ఆధారంగా వారే చేరుకుంటారు. మనకు ఒక్క చూపులో అందే ఆకారం వారికి వేళ్ల ద్వారా కొంచెం కొంచెంగా అందుతుంది కాబట్టి, వారు అడిగేదాకా మాట్లాడకపోవడమే మేలు (వివరించాలన్న ఉత్సాహం రోబోను పరిచయం చేసేవారికే ఎక్కువ).

3. ఇప్పుడు స్విచ్ వేసి, ఆపడం నేర్పండి. పద్నాలుగో ఏట చూపు కోల్పోయిన జపాన్ శాస్త్రవేత్త చియెకో అసకావా బృందం రూపొందించిన సూట్‌కేసు ఆకారపు రోబో, హ్యాండిల్ వదిలితే ఆగిపోతుంది. మీ రోబో ఎలా ఆగుతుందో చెప్పి, ఆలోచించనవసరం లేకుండా ఆపగలిగేవరకు సాధన చేయించండి.

4. ఒక్కొక్క శబ్దాన్నీ, కంపనాన్నీ విడివిడిగా పరిచయం చేయండి. రోబో మాట్లాడేది తెలుగా, ఉర్దూనా, హిందీనా, ఇంగ్లీషా అన్నది వారి ఇష్టం. ట్రాఫిక్ చప్పుడే వారికి ప్రధాన ఆధారం కనుక రెండు చెవులకూ ఇయర్‌ఫోన్లు పెట్టవద్దు.

5. తొలి నడక ఖాళీ వరండాలో, తెల్లకర్ర చేతిలో ఉండగానే జరగాలి; బ్యాటరీ అయిపోతే దారి చూపేది ఆ కర్రే. లైడార్ (లేజర్ కాంతితో దూరాన్ని కొలిచే సెన్సర్) కిరణాలు గాజు తలుపుల గుండా దూసుకుపోవచ్చనీ, దిగే మెట్లూ తల ఎత్తున వేలాడే తీగలూ సెన్సర్లకు అందకపోవచ్చనీ దాచకుండా చెప్పండి. టిఫిన్ బండ్లు, బైకులు ఆక్రమించిన ఫుట్‌పాత్‌ల మీద తొలి ప్రయత్నం చేయించడం సాహసం కాదు, నిర్లక్ష్యం. సిబ్బంది అనుమతిస్తే, రద్దీ లేని వేళ పరిచితమైన మెట్రో స్టేషన్‌లో నడిపించవచ్చు. అక్కడి స్పర్శ పలకల (పాదాలకూ, కర్రకూ తగిలి దారి తెలిపే ఉబ్బెత్తు పలకల) మీద చక్రాలు ఎలా కదులుతాయో కూడా తెలుస్తుంది.

6. కెమెరా దృశ్యాలు ఎక్కడికి చేరుతాయో ముందే చెప్పి అంగీకారం తీసుకోండి. వద్దంటే కారణం అడగకుండా రోబోను పక్కన పెట్టండి.